సిలువ కింద పుర్రె

మా అమ్మ దగ్గర ఒక ఇత్తడి సిలువ ఉండేది. జానెడు పొడవు. మామూలు రోజుల్లో మంచం తలాపున మేకుకు వేలాడేది, ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే దిండు కిందికి చేరేది. యేసు పాదాల కింద, సిలువ మొదట్లో, వేలిగోరంత పుర్రె. దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. ఆ పుర్రె కళ్లగుంటల్లో పేరుకున్న నల్లటి మడ్డిని చిన్నప్పుడు నేను చీపురుపుల్లతో గీకి తీసేదాన్ని. ఏటా మట్టల ఆదివారానికి ముందురోజు అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమేది. సూళ్లూరుపేట పక్కన మా ఊరి నుంచి అన్నయ్య చెన్నైకి కాపురం మార్చినప్పుడు, దాన్ని పాత చీర ముక్కలో చుట్టి వదిన చేతిలో పెట్టింది.

వదిన దాన్ని కూవం నదిలో పారేసింది.

అప్పుడు మా మేనల్లుడికి టైఫాయిడ్. రెండు వారాలు జ్వరం దిగలేదు. పక్కింటావిడ వదినను ఒక ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లింది. అక్కడ మాట్లాడిన ఆయన, ఇంట్లో పుర్రె గుర్తున్న వస్తువు ఏదైనా ఉందా అని అడిగాడట. వదిన చెయ్యెత్తింది. అది చేతబడి ముద్ర, అది ఇంట్లో ఉన్నంతకాలం బిడ్డ లేవడు అన్నాడట. వదిన ఇంటికొచ్చి, సిలువను చేత్తో తాకకుండా గుడ్డతో పట్టుకుని క్యారీబ్యాగులో వేసి, అమింజికరై దగ్గర వంతెన మీద ఆటో ఆపించింది. మందుల కోర్సు పూర్తయ్యేసరికి పిల్లాడికి జ్వరం తగ్గింది. దాంతో ఆ మాట ఆమె మనసులో రాయిలా పాతుకుపోయింది.

నెల తర్వాత, వంటింట్లో గొంతు తగ్గించి నాకు చెప్పింది. నేను అరిచాను. అమ్మ చనిపోయాక మాకు మిగిలింది అదొక్కటే మరి. వదిన ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. ఒకే మాట అడిగింది. "నువ్వు చదువుకున్నదానివి, గుడిలో పిల్లలకు సత్యోపదేశం చెప్తావు. చెప్పు మరి, దేవుడి కాళ్ల కింద పుర్రె ఎందుకుంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఎన్నేళ్లు దాని కళ్లు శుభ్రం చేశానో, అన్నేళ్లలో అది ఎవరిదని ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు. ఈ వ్యాసం ఆ పూట నాకు కలిగిన సిగ్గులోంచి వచ్చింది.

ఆ పుర్రె ఆదాముది. యేసును సిలువ వేసిన చోటి పేరు గొల్గొతా, అంటే కపాల స్థలం. నాలుగు సువార్తల్లోనూ ఆ అర్థం ఉంది. వదిన సిలువమార్గంలో పన్నెండో స్థలం, అంటే యేసు ప్రాణం విడిచే ఘట్టం, దగ్గర మోకరించినప్పుడల్లా ఆ మాట వింటూనే ఉంది. మొదటి మనిషి ఆదామును అక్కడే పాతిపెట్టారని తొలి క్రైస్తవుల్లో ఒక నమ్మకం ఉండేది. 3వ శతాబ్దంలో ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు దాన్ని రాసిపెట్టాడు. యెరూషలేములో యేసు సమాధి గుడిలో, కల్వరి బండకు సరిగ్గా కింద, ఆదాము పేరుతో ఈనాటికీ ఒక చిన్న గుడి ఉంది. మొదటి మనిషి వల్ల మరణం వచ్చింది, ఆ మరణం మీద రెండో ఆదాము, అంటే క్రీస్తు, రక్తం కారింది, పాత ఎముకలు తడిశాయి. కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు చెప్పింది ఇదే: ఆదామునందు అందరూ చనిపోతున్నట్టు క్రీస్తునందు అందరూ బతికించబడతారు. ఆ వాక్యాన్ని ఎవరో శిల్పి గోరంత ఇత్తడిలో పోతపోశాడు. చావు ఓడిపోయిందని చెప్పే బొమ్మను చావు తెచ్చే బొమ్మ అనుకుని మా వదిన మురికినీళ్లలోకి విసిరింది.

ఆ హాలులో మాట్లాడినాయన మీద నాకు ఈరోజుకీ కోపమే. కానీ ఆయన వదినతో మాట్లాడింది ఒక్క పూట. మేము ఆమెను నలభై ఏళ్లు మా దగ్గర ఉంచుకున్నాం. జ్ఞానస్నానం, మొదటి సత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం, పెళ్లి, అన్నీ మా గుళ్లలోనే. ప్రతి ఆదివారం ఆమె చుట్టూ ఒక నలభై బొమ్మలున్నాయి. వాటిలో ఒక్కదాని ముందు నిలబెట్టి "ఇది చూడమ్మా, దీని అర్థం ఇదీ" అన్న మనిషి ఒక్కరూ లేరు. సత్యోపదేశం అంటే ప్రశ్న, జవాబు, కంఠస్థం. దేవుడు ఎవరు? నన్ను ఎందుకు సృష్టించాడు? పుస్తకం మూస్తే పాఠం అయిపోయినట్టే. గోడ మీదున్న పాఠం వైపు ఎవరూ తల తిప్పలేదు. నేనూ తిప్పలేదు.

నిజానికి ఆ బొమ్మలు గోడ మీదికి వచ్చిందే చదువురాని వాళ్ల కోసం. క్రీ.శ. 600 ప్రాంతంలో మార్సెయ్ బిషప్పు సెరేనుసు, జనం బొమ్మలకు మొక్కుతున్నారని గుళ్లోవి పగలగొట్టించాడు. అప్పటి పోపు, మహా గ్రెగరీ, ఆయనకు ఉత్తరం రాశాడు. బొమ్మను ఆరాధించొద్దని చెప్పడం మంచిదే, పగలగొట్టడం మాత్రం తప్పు, అక్షరం రానివాడు పుస్తకంలో చదవలేనిది గోడ మీద చదువుకుంటాడు అన్నాడు. అంటే ఎవరో ఒకరు చదవడం నేర్పుతారన్న నమ్మకంతోనే ఆ మాట అన్నాడు. మనం పుస్తకం ఉంచుకున్నాం, బడి మూసేశాం.

తప్పుగా చదవడం అంతా ఒకటే అని నేను అనను. మా అవ్వ సంగతి చెప్పాలి. మా ఊరి గుడి పక్కన గెబిలో, అంటే రాళ్లతో కట్టిన చిన్న గుహలో, మరియమాత స్వరూపం ఉండేది, పాదాల కింద నోరు తెరిచిన పాము. అవ్వ ముందు మాత పాదాలు తాకి, తర్వాత పాము పడగ తాకి, వేళ్లు కళ్లకద్దుకునేది. పొలంలో కలుపు తీసేవాళ్లను పాము కరవకుండా మాత దాన్ని తొక్కిపట్టిందని ఆమె లెక్క. ఆ పాము ఆదికాండం మూడో అధ్యాయంలోని పాము. స్త్రీ సంతానం నీ తల చితకగొడుతుందని దేవుడు దానికి చెప్పిన మాట అక్కడుంది. ఇందులో ఇంకో ముడి కూడా ఉంది. వందల ఏళ్లు కతోలిక తిరుసభ చదివిన లాటిన్ బైబిలులో ఆ చోట "ఆమె చితకగొడుతుంది" అని ఉండేది. హీబ్రూ మూలంలో చితకగొట్టేది ఆమె కాదు, ఆమె సంతానం. 1979లో వచ్చిన కొత్త లాటిన్ బైబిలులో దాన్ని సరిచేశారు. అంటే మాత పాదం కింద పాము ఉన్న ఆ స్వరూపం వెనకే ఒక సర్వనామం తేడా ఉంది! అయినా తల్లి గెలిచింది కొడుకు వల్లే గనుక స్వరూపం అబద్ధం కాలేదు. మా అవ్వ లెక్కా అంతే. ఆమెకు ఏదెను తోట తెలియదు, వరిమడి తెలుసు. మనిషికి కీడు చేసేదాన్ని మాత తొక్కింది అన్న అసలు విషయం ఆమె చేతికి అందింది. ఆ చదువు పక్కకు జరిగింది, అంతే. ఎదురు తిరగలేదు.

పిల్లల సంగతి ఇంకా బాగుంటుంది. మా విచారణ (పారిష్) గుడి ప్రసంగవేదిక మీద నాలుగు చెక్కడాలున్నాయి: రెక్కలున్న మనిషి, సింహం, ఎద్దు, గద్ద. కిందటేడు ఒక పాప అడిగింది. "టీచర్, సింహం దుర్గమ్మది, ఎద్దు శివుడిది, గద్ద విష్ణుమూర్తిది. ఆ మనిషి ఎవరి వాహనం?" పక్కనున్న పెద్దావిడ పాపను గదమాయించబోయింది, నేను ఆపాను. ఆ ప్రశ్నలో తప్పేముంది? పవిత్రుల పక్కనున్న జంతువు ఊరికే ఉండదు, అది ఎవరిదో ఒకరిదని ఆ పాపకు తెలుసు. ఎలుకను చూసి వినాయకుణ్ణి, వీణను చూసి సరస్వతిని గుర్తుపట్టే వీధిలో పెరిగింది. బొమ్మ చదవడం మన పిల్లలకు కొత్తగా నేర్పక్కర్లేదు. ఈ బొమ్మలు ఏ కథలోవో చెప్పాలి, అంతే. ఆ నాలుగూ యెహెజ్కేలు దర్శనంలోంచి, దర్శన గ్రంథం నాలుగో అధ్యాయంలోంచి వచ్చాయి. నలుగురు సువార్తికుల గుర్తులుగా స్థిరపడ్డాయి. మత్తయి యేసు వంశవృక్షంతో మొదలుపెడతాడు గనుక మనిషి. మార్కు ఎడారిలో కేకతో మొదలుపెడతాడు గనుక సింహం. లూకా యెరూషలేము దేవాలయంలో యాజకుడి దగ్గర మొదలుపెడతాడు గనుక బలి ఎద్దు. యోహాను ఆకాశమంత ఎత్తున, ఆదిలో వాక్కు ఉండెను అని మొదలుపెడతాడు గనుక గద్ద. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. పాప మళ్లీ అడిగింది, "అయితే పేతురుగారికి?" తాళంచెవులు చూపించాను. ఆ రోజు గుడంతా తిరిగాం. లూసియమ్మ పళ్లెంలో రెండు కళ్లు, లారెన్సుగారి పక్కన ఆయన్ని కాల్చిన ఇనప కమ్మీల చట్రం, సెబాస్టియనుగారి ఒంట్లో బాణాలు. పిల్లలు ఒక్కొక్కటీ పరుగెత్తి వెతుక్కున్నారు.

దైవమందసం, అంటే సత్ప్రసాదం ఉంచే పెట్టె, తలుపు మీద రేకులో చెక్కిన పక్షి దగ్గర మాత్రం నేను ఎక్కువసేపు ఆగాను. పెద్ద ముక్కు, వంచిన మెడ, ముక్కు రొమ్ములో గుచ్చుకుని ఉంది. కింద గూట్లో మూడు పిల్లలు నోళ్లు తెరుచుకుని. రొమ్ము మీంచి జారే మూడు చుక్కలకు ఎవరో ఎప్పుడో ఎర్ర రంగు వేశారు, సగం ఊడిపోయింది. ఒకడు హంస అన్నాడు. ఇంకొకడు బాతు. పెద్దవాళ్లలో కూడా చాలామంది దాన్ని పావురం, అంటే పవిత్రాత్మ, అనుకునే దండం పెడతారు. అది గూడబాతు, పెలికాన్. మా సూళ్లూరుపేట పక్కన నేలపట్టు చెరువులో నీటికడప చెట్ల మీద ఏటా గూళ్లు కట్టే పక్షే. చిన్నప్పుడు నాన్న సైకిలు మీద తీసుకెళ్లి చూపించేవాడు. పిల్లలు తల్లి ముక్కు సంచిలోకి తలలు దూర్చి మేత తింటాయి, తల్లి ముక్కును రొమ్ముకు అదిమి మేత పైకి తెస్తుంది. దూరం నుంచి చూస్తే రొమ్ము చీల్చి పెడుతున్నట్టే ఉంటుంది. పాతకాలం ఐరోపాలో జనం అలాగే నమ్మారు. కరువులో తల్లి పక్షి తన రక్తం ఇచ్చి పిల్లల్ని బతికిస్తుందని కథ. 13వ శతాబ్దపు పునీత తోమాసు అక్వినాసు దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం, మీద రాసిన స్తోత్రంలో యేసును దయగల పెలికాన్ అని పిలిచాడు. సత్ప్రసాదం దాచే తలుపు మీద ఆ పక్షి ఉండటానికి కారణం అదే. మా ఊరి పక్షి! నాన్న సైకిలు మీదికెక్కి చూసిన పక్షిని దేవుడి తలుపు మీద నేను ముప్పై ఏళ్లు గుర్తుపట్టలేదు.

మన చెన్నైలో ఈ తప్పు చదువులకు ఒక పెద్ద ఉదాహరణ రాతి మీదే ఉంది. పరంగిమలై కొండ మీద గుడిలో, బలిపీఠం వెనక రాతిలో చెక్కిన సిలువ. యేసు శిష్యుడు తోమాసుగారి సిలువ అంటారు. 1547లో పోర్చుగీసువాళ్లు తవ్వుతుంటే దొరికింది. పైన దిగివస్తున్న పావురం, కింద తామర రేకులు, చుట్టూ ఎవరికీ తెలియని లిపి. 16వ శతాబ్దంలో ఒక పండితుణ్ణి పిలిపించి చదివించారు. ఆయన ఒక్కో అక్షరానికి ఒక్కో వాక్యం చొప్పున, దేవుడు కన్యకు పుట్టడం, తోమాసుగారి రాక, ఆయన మరణం, అంతా అందులో ఉందని చెప్పాడు. అందరూ నమ్మారు. 1873లో బర్నెల్ అనే పరిశోధకుడు అది పహ్లవీ, అంటే మధ్య పారశీక భాష అని తేల్చాడు. ఉన్నది ఒక చిన్న ప్రార్థన వాక్యం. మూడు వందల ఏళ్లు జనం లేని కథను ఆ రాతిలో చదువుకున్నారు. అయినా ఆ రాయిని ఎవరూ కొండ మీంచి దొర్లించలేదు. అర్థం తెలియకపోయినా ప్రేమతో ఉంచుకున్నారు గనుకే, నిజంగా చదవగలిగినవాడు వచ్చేసరికి అది అక్కడే ఉంది. వదిన సిలువ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పారేసినదాన్ని ఇక ఎవరూ చదవలేరు.

నన్ను భయపెట్టేవి ప్రేమతో వచ్చిన తప్పులు కావు. భయంతో వచ్చేవి. ఇవి ఇప్పుడు ఫోన్లలో వస్తున్నాయి, తెలుగులో, వెనక హోరుమనే సంగీతంతో. అప్పుడు జ్వరంతో పడుకున్న మేనల్లుడే ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు ఒక రాత్రి వీడియో పంపాడు. 2000 మార్చిలో పోపు రెండో జాన్ పాల్ ఇశ్రాయేలుకు వెళ్లినప్పుడు కూర్చున్న కుర్చీ వీపు మీద తలకిందుల సిలువ. "అత్తా, ఇది సాతాను గుర్తు కదా, పోపు కుర్చీకి ఎందుకుంది?" తలకిందుల సిలువ యేసు శిష్యుడు పేతురుగారిది. నా ప్రభువు చనిపోయినట్టు చనిపోయే అర్హత నాకు లేదని ఆయన తల కిందికి పెట్టించుకున్నాడని పురాతన సంప్రదాయం. పోపు కూర్చునేది పేతురుగారి స్థానంలో, ఆయన కుర్చీ మీద పేతురుగారి సిలువ కాక ఇంకేముంటుంది? వినయానికి గుర్తుగా పెట్టినదాన్ని వీడియో దయ్యానికి అంటగట్టింది.

త్రికోణంలో కన్ను అంతకంటే ఎక్కువ తిరుగుతోంది. ఇల్యూమినాటీ, ప్రపంచాన్ని ఏలే రహస్య సంఘం, చర్చిల్లోకి చొరబడింది అంటూ. మూడు భుజాలు త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ; మధ్యలో కన్ను అన్నీ చూసే దేవుడి కాపుదల. ఇల్యూమినాటీ అనే సంఘం 1776లో బవేరియాలో పుట్టి, పదేళ్లలోపే ప్రభుత్వ నిషేధంతో అణిగిపోయింది. వాళ్లు పెట్టుకున్న గుర్తు గుడ్లగూబ. ఐరోపా చర్చిల బలిపీఠాల మీద ఆ కన్ను అంతకు ముందు నుంచే ఉంది. మా గాయక బృందంలో ఒకావిడ, వాళ్ల మామగారి కాలం నుంచి ఉన్న త్రిత్వం పటాన్ని ఈ వీడియో చూశాక అటక మీద బోర్లా పెట్టింది. రోజూ దీపం పెట్టిన పటాన్ని! ఐ.హెచ్.ఎస్. అనే అక్షరాలు కూడా ఇంతే. గ్రీకులో యేసు పేరులోని మొదటి మూడక్షరాలు అవి. దానికి ఐ హ్యావ్ సఫర్డ్ అని అర్థం చెప్పుకునేవాళ్లతో నాకు పేచీ లేదు, శ్రమలు పడ్డది యేసే. ఈజిప్టు దేవతల పేర్లు అందులో దాచారని చెప్పేవాళ్లతోనే నా పోట్లాట.

ఒక ఫాదర్ గారితో ఈ మాట అంటే, "భక్తి ఉంటే చాలమ్మా, బొమ్మల అర్థాలు పండితులకు" అన్నారు. ఆయన మంచివారు, మా ఇంట్లో ఎవరు పోయినా అర్ధరాత్రి వచ్చిన మనిషి. కానీ ఈ మాటతో నేను ఏకీభవించలేను. మా వదినకు భక్తి తక్కువా? బిడ్డ కోసం మూడు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అంత భక్తీ ఆమెను కాపాడలేదు. అర్థం తెలియని భక్తిని ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లు ఎత్తుకుపోతారు. బంధువుల్లో వేరే సంఘాలవాళ్లు "మీవి విగ్రహాలు" అన్నప్పుడు మనవాళ్లు తల దించుకుంటారు. అలా దించుకోవడానికి కారణం కూడా ఇదే. గౌరవం బొమ్మ దగ్గర ఆగదు, బొమ్మ ఎవరిదో వారికి చేరుతుందని 787లో రెండో నికేయా మహాసభే తేల్చి చెప్పింది. అయితే ఎవరిదో తెలిస్తే కదా చేరేది.

డిసెంబరు 8న అమలోద్భవి మాత పండుగ. ఎవరి ఉద్భవం అని అడగండి. పదిమందిలో ఎక్కువమంది యేసుది అంటారు. అది మరియమాత తన తల్లి గర్భంలో పాపపు మచ్చ లేకుండా పడిన రోజు. అక్కణ్ణుంచి తొమ్మిది నెలలు లెక్కపెడితే సెప్టెంబరు 8, మాత జననం. ఆ రోజే బెసంట్ నగర్ వేళాంగణి గుడి ముందు ఇసక రాలనంత జనం. మొత్తం లెక్క మన వేళ్ల మీదే ఉంది. లెక్కపెట్టించేవాళ్లు లేరు.

ఇప్పుడు నెలకొక ఆదివారం పుస్తకాలు మూయించి పిల్లల్ని గుళ్లో తిప్పుతున్నాను. రోజుకు ఒక్క బొమ్మే. ముందు వాళ్లకు ఏం కనిపిస్తోందో చెప్పమంటాను, తర్వాత నేను చెప్తాను. తల్లులు కొందరు వెనక వరసలో నిలబడి వింటున్నారు.

ఈ తపస్సుకాలంలో ఒక శుక్రవారం అన్నయ్యవాళ్లతో కలిసి పరంగిమలై మెట్లెక్కాను. ఒక్కో మలుపులో ఒక్కో స్థలం దగ్గర ఆగుతూ, ప్రార్థన చెప్పుకుంటూ. పన్నెండో స్థలం దగ్గర మేనల్లుడు చేతిలోని సిలువమార్గం పుస్తకం వాళ్లమ్మకు చూపించాడు. ఆ బొమ్మలో సిలువ మొదట్లో చిన్న పుర్రె. "ఇది ఆదాముదమ్మా, అత్త చెప్పింది" అన్నాడు. వదిన పుస్తకం తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. వెనక వచ్చేవాళ్లు మమ్మల్ని దాటుకుంటూ పైకి వెళ్తున్నారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. దిగేటప్పుడు, చివరి మెట్ల మీద, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అత్తమ్మ సిలువ... నీళ్లలో ఇన్నాళ్లకు తుప్పు పట్టి పోయుంటుంది కదా?"

"ఇత్తడికి తుప్పు పట్టదు వదినా. చిలుం పడుతుంది. చింతపండు పెట్టి తోమితే పోతుంది."